అప్పగింతల డాక్టరు

(అమెరికాలో హాస్పిటలిస్టుగా పనిచేస్తున్న ఒక వైద్యురాలు, ఇక్కడి ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో హౌస్ సర్జన్లను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక ప్రసంగం పెట్టారు, ఫ్యాన్లు కూడా బాగానే తిరుగుతున్నాయి. నిద్ర వచ్చినవాళ్లు మొహమాటం లేకుండా నిద్రపోండి. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లు ఎవరెవరో ముఖాలు చూస్తేనే తెలుస్తోంది, వాళ్లను నేను ఏమీ అనను.

నేను చేసే పని ఏమిటో మా అమ్మకు వివరించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. "గుండె డాక్టరువా?" కాదమ్మా. "కిడ్నీలా?" కాదు. "మరి క్లినిక్ ఎక్కడ పెట్టావు?" నాకు క్లినిక్ లేదు. "అయితే డ్యూటీ డాక్టరువన్నమాట" అని నిట్టూర్చేది. మన దగ్గర డ్యూటీ డాక్టరంటే పెద్ద డాక్టరు వచ్చేదాకా రోగి బీపీ పడిపోకుండా కాపలా కాసే మనిషి. అమ్మ బాధ అది. ఇంత చదివించింది కాపలాకా అని.

నిజానికి కాపలా అనే మాట మరీ తప్పు కాదు. ఆసుపత్రిలో చేరిన రోగికి చేరిన గంట నుంచి ఇంటికి వెళ్లే గంట దాకా పూచీ ఉండే వైద్యుడే హాస్పిటలిస్టు. బయట రోగులను చూడడు. మాలో ఎక్కువమంది మూడేళ్ల ఇంటర్నల్ మెడిసిన్ చదివినవాళ్లు. పిల్లల వార్డులకు వేరే హాస్పిటలిస్టులు ఉన్నారు. గుండె వైద్యుడు, కిడ్నీ వైద్యుడు, సర్జను వస్తారు, సలహా ఇస్తారు, వెళతారు. ఆ సలహాలన్నీ ఒకదానితో ఒకటి పొసగకపోతే, అవి పొసగకపోవడమే మామూలు, తేల్చాల్సింది నేను. కిడ్నీ ఆయన "నీళ్లు ఎక్కించండి" అంటాడు, గుండె ఆయన "నీళ్లు లాగేయండి" అంటాడు. రోగికి మాత్రం ఒంట్లో ఒకటే రక్తం కదా.

ఈ ఉద్యోగం ఎలా పుట్టిందో రెండు నిమిషాల్లో చెబుతాను. పూర్వం అమెరికాలో ప్రతి కుటుంబ వైద్యుడూ పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లి, చేరిన తన రోగులను చూసుకుని, తరువాత క్లినిక్‌కు పోయేవాడు. 1983లో మెడికేర్, అంటే 65 ఏళ్లు దాటినవాళ్లకు అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే బీమా, చెల్లింపు పద్ధతి మార్చింది. అంతకుముందు ఆసుపత్రికి ఎంత ఖర్చయితే దాదాపు అంత ఇచ్చేది. అప్పటి నుంచి న్యుమోనియాకు ఇంత, తుంటి ఎముక విరిగితే ఇంత అని ముందే కట్టిన లెక్క. రోగి నాలుగు రోజులున్నా ఎనిమిది రోజులున్నా ఆసుపత్రికి వచ్చేది అంతే. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలు చూసిన మీకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. రోగిని త్వరగా నయం చేసి త్వరగా పంపాలంటే పొద్దున ఒకసారి తొంగిచూసి వెళ్లే డాక్టరు సరిపోడు. మధ్యాహ్నం రెండింటికి వచ్చిన రిపోర్టు మీద మర్నాడు ఉదయం దాకా ఎవరూ కదలకపోతే ఒక రోజు పోయినట్టే. అందుకని కొందరు వైద్యులు అక్కడక్కడా ఆసుపత్రిలోనే ఉండిపోవడం మొదలుపెట్టారు. 1996 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ వాక్టర్, లీ గోల్డ్‌మన్ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వ్యాసం రాసి, ఈ తరహా వైద్యులకు హాస్పిటలిస్టు అని పేరు పెట్టారు. ఇరవై ఏళ్ల తరువాత, 2016లో, వాళ్లిద్దరే అదే పత్రికలో మళ్లీ లెక్క చూసేసరికి మా సంఖ్య 50,000 దాటింది. నేను చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసర్లలో ఒక్కరి నోటా ఈ మాట వినలేదు.

సరే, పని ఎలా ఉంటుంది? ఎక్కువ చోట్ల ఏడు రోజులు పని, ఏడు రోజులు సెలవు. రోజుకు పన్నెండు గంటలు, ఏడు నుంచి ఏడు దాకా. ఇది వినగానే మీ కళ్లు మెరిశాయి, చూశాను. ఏడాదిలో సగం సెలవే అనుకుంటున్నారు. సెలవు వారంలో మొదటి రెండు రోజులు నేను ఎవరితోనూ మాట్లాడను. మూడో రోజు బట్టలు ఉతుక్కుంటాను. ఏడో రోజు రాత్రి మళ్లీ నిద్ర పట్టదు. మిగిలినదే సెలవు.

ఉదయం ఏడింటికి రాత్రి డాక్టరు తన జాబితా నాకు అప్పగిస్తాడు. పదిహేడు పేర్లనుకోండి. ముందు బాగా జబ్బుగా ఉన్నవాళ్లను చూస్తాను. తరువాత ఇవాళ ఇంటికి వెళ్లాల్సినవాళ్లను చూస్తాను. నడుమ ఉన్నవాళ్లు కొంచెం ఆగగలరు. పది గంటలకు అందరం ఒక గదిలో కూర్చుంటాం. నర్సు, మందుల నిపుణుడు, ఫిజియోథెరపిస్టు, సామాజిక కార్యకర్త, నేను. నాకు బాగా నచ్చే అరగంట అదే. నేను రోగి రక్తంలో సోడియం 128 నుంచి 133కు వచ్చిందని గర్వంగా చెబుతుంటాను. ఫిజియోథెరపిస్టు అడ్డుపడి "ఆవిడ ఇంటి ముందు పద్నాలుగు మెట్లున్నాయి, ఇవాళ మూడు ఎక్కగలిగింది" అంటుంది. ఇక ఆ రోజుకు నా సోడియం పని అయిపోయినట్టే.

మన జనరల్ ఆసుపత్రుల్లో ఈ చిక్కు కనబడదు. రోగి పక్కన ఒక కొడుకో కోడలో ఉంటారు. మంచం కింద చాప, కిటికీలో క్యారేజీ. మనం వాళ్లను విసుక్కుంటాం, బయటికి పొమ్మంటాం. అమెరికాలో వార్డు అద్దంలా ఉంటుంది. ఎనభై ఏళ్ల మనిషి ఒక్కతే పడుకుని ఉంటుంది. కూతురు నాలుగు రాష్ట్రాల అవతల ఉంటుంది, సాయంత్రం ఆరింటికి ఫోను చేస్తుంది. ఆవిడ రోజూ ఏ మాత్ర ఏ పూట వేసుకుంటుందో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. రాత్రిపూట ఆవిడ మతి తప్పి సెలైను గొట్టం పీకేస్తే చెయ్యి పట్టుకునేవాళ్లు ఉండరు. మీ వార్డులో చాప మీద పడుకున్న ఆ కోడలు చేసే పనికి అక్కడ నలుగురు ఉద్యోగులు కావాలి. ఈసారి విసుక్కునే ముందు ఆమెను రెండు ప్రశ్నలు అడిగి చూడండి.

ఇప్పుడు మీకు వింతగా తోచే సంగతి ఒకటి. అక్కడ రోగి ఆసుపత్రి మంచం మీద మూడు రాత్రులు పడుకుని కూడా "చేరని" రోగి కావచ్చు. పరిశీలన కింద ఉంచడం అని ఒక తరగతి ఉంది. మంచం అదే, నర్సు అదే, సూది అదే. కాగితం మీద మాత్రం ఆమె బయటి రోగి. 2013 అక్టోబరు నుంచి మెడికేర్ పెట్టిన సూత్రం స్థూలంగా ఇది: ఆసుపత్రి అవసరం రెండు అర్ధరాత్రులు దాటుతుందని డాక్టరు సహేతుకంగా అనుకుంటే చేర్చుకోవచ్చు, లేకపోతే పరిశీలన. తేడా ఏమిటంటారా? ఇందాకటి ఎనభై ఏళ్ల ఆవిడ తుంటికి దెబ్బ తగిలి నడవలేకపోతోందనుకోండి, ఇంటికి వెళ్లే ముందు కొన్ని వారాలు నర్సింగ్ కేంద్రంలో ఉండి నడక నేర్చుకోవాలి. మామూలు మెడికేర్ దానికి డబ్బు ఇవ్వాలంటే అంతకుముందు వరుసగా మూడు రోజులు ఆసుపత్రిలో "చేరి" ఉండాలి. పరిశీలన రాత్రులు ఆ లెక్కలోకి రావు. నేను ఈ నియమాన్ని రోగికి వివరించేటప్పుడు ఆవిడ నా ముఖం చూసే చూపు ఎలా ఉంటుందో మీరు ఊహించుకోండి. పరిశీలన 24 గంటలు దాటితే రాతపూర్వకంగా తెలియజేయాలని తరువాత ఒక నియమం వచ్చింది. దానివల్ల రోగికి ఒరిగింది ఏమిటంటే, మోసపోయానన్న సంగతి ఇప్పుడు కాగితం మీద సంతకం పెట్టి తెలుసుకుంటుంది. ఇది నా అభిప్రాయం. కాదనే అధికారులు ఉన్నారు.

నేను అసలు మాట్లాడాలనుకున్నది అప్పగింత గురించి. పెళ్లిలో అప్పగింతలు మీరంతా చూసే ఉంటారు. పిల్ల చేతులు పాలలో ముంచి అత్తవారి చేతుల్లో పెడతారు. అందరూ ఏడుస్తారు. కానీ ఆ ఏడుపుల మధ్య వాళ్ల అమ్మ వియ్యపురాలితో రెండు ముక్కలు చెబుతుంది, గమనించారా? "దీనికి ఆకలి వేస్తే అడగదండీ, మీరే పెట్టాలి." అసలైన అప్పగింత ఆ ముక్కే. మిగతాదంతా ఫొటోల కోసం.

నా పనిలో రోజుకు రెండు పూటలా అప్పగింతలే. అత్యవసర విభాగం నుంచి నాకు, నా నుంచి రాత్రి డాక్టరుకు, వారం చివర నా బదులు వచ్చే డాక్టరుకు, ఆఖరున ఇంటి దగ్గరి డాక్టరుకు. రోగులు జబ్బు వల్ల ఎంత నష్టపోతారో, ఈ చేతుల మార్పిడిలో అంత నష్టపోతారని నాకు కొన్ని రోజులు గట్టిగా అనిపిస్తుంది. పిల్లల వైద్యంలో పీజీలు ఒకరికొకరు రోగులను అప్పగించే తీరును మార్చి తొమ్మిది ఆసుపత్రుల్లో ఒక అధ్యయనం చేశారు. 2014లో ప్రచురించారు. ఐ-పాస్ అని దాని పేరు. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. రోగి ఎంత జబ్బుగా ఉన్నాడు, కథ ఏమిటి, చేయాల్సినది ఏమిటి, ఏది జరిగితే ఏం చేయాలి, చివరికి విన్నవాడు తాను విన్నది తిరిగి చెప్పాలి. ఇంతే. వైద్య పొరపాట్లు 23 శాతం తగ్గాయి.

ఇందులో నాలుగోది చూడండి, "ఏది జరిగితే ఏం చేయాలి". మనం చెప్పం. "పేషెంటు స్టేబుల్" అని వెళ్లిపోతాం. నా దగ్గరికి వచ్చే కొత్త డాక్టర్లకు ఆ మాట నిషేధం. బల్ల కూడా స్టేబుల్‌గానే ఉంటుంది. "ఈయనకు రాత్రి మళ్లీ రక్తం పడవచ్చు, హిమోగ్లోబిన్ 7 కన్నా తగ్గితే రక్తం ఎక్కించు, పన్నెండింటికి పరీక్ష పంపాను, ఎండోస్కోపీ డాక్టరుకు ముందే చెప్పి ఉంచాను, భార్య ఫోను చేస్తే నిద్రపోతున్నాడని చెప్పు, ఆవిడ రెండు రాత్రులుగా నిద్రపోలేదు." వియ్యపురాలితో చెప్పే రెండు ముక్కలంటే ఇవి.

ఇది నాకు మొదటి నుంచీ తెలుసని అనుకోకండి. నా తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో మొదటి ఏళ్లు. అరవై దాటిన ఒకాయన, సిగరెట్లు తాగే మనిషి, ఆయాసంతో వచ్చాడు. ఊపిరితిత్తిలో రక్తం గడ్డ ఉందేమోనని సీటీ తీయించాను. రిపోర్టు మొదటి వాక్యం: గడ్డ లేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను. చివరి పేరాలో ఒక వాక్యం: కుడి పై భాగంలో చిన్న బుడిపె ఉంది, ఆరు నెలల తరువాత మళ్లీ సీటీ తీయించండి. దాన్ని చదివాను. చదివానని గుర్తు కూడా ఉంది. ఆ రోజు నా వారంలో ఆఖరి రోజు, ఆరుగురిని ఇంటికి పంపాలి. డిశ్చార్జి సారాంశం తొమ్మిది పేజీలు వచ్చింది. కంప్యూటర్లో రోజువారీ నోట్సు అతికించుకుంటూ పోతే అన్ని పేజీలు వస్తాయి మరి. అందులో బీపీలున్నాయి, భోజనాలున్నాయి, ఆ ఒక్క వాక్యం లేదు. రోగితోనూ చెప్పలేదు. పద్నాలుగు నెలల తరువాత ఆయన బరువు తగ్గిపోయి మళ్లీ వచ్చాడు. ఆ వారం నేను సెలవులో ఉన్నాను. మా సహోద్యోగి పాత సీటీ, కొత్త సీటీ పక్కపక్కన పెట్టి చూసి, నాకు ఫోను చేసి, "నువ్వే పంపావు, నీకు చెప్పడం న్యాయం అనిపించింది" అంది. కేకలు వేసి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

నేను వెళ్లి ఆయనను కలిశాను. జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీ వైపు చూసి, "అప్పుడు చెప్పి ఉంటే నేను వచ్చేవాణ్ణా అంటే, ఏమో" అన్నాడు. నా మీద జాలితో అన్నాడో, నిజమే అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ రోజు నుంచి నా డిశ్చార్జి సారాంశంలో మొదటి నాలుగు వరుసలు తరువాతి డాక్టరు చేయాల్సిన పనులే. జబ్బు కథ ఆ తరువాత. అవే నాలుగు వరుసలు పెద్ద అక్షరాలతో రోగి చేతిలోనూ పెడతాను, ఆయన నోటితో ఒకసారి చెప్పించుకుంటాను. ఇలా చేస్తే ఒక్కొక్కరికి పది నిమిషాలు అదనం. ఆ పది నిమిషాలకు ఎవరూ డబ్బు ఇవ్వరు. సాయంత్రం ఏడు ఎనిమిదవుతుంది.

వీసాల సంగతి అడుగుతారని తెలుసు. ఒక్క ముక్కలో చెబుతాను. జె-1 వీసా మీద శిక్షణ పొందినవాళ్లు రెండేళ్లు స్వదేశంలో ఉండి రావాలి, లేదా డాక్టర్లు చాలని ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. ఈ రెండో దారికి కాన్రాడ్ పథకం కింద ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 చోట్లు. అందుకే మొక్కజొన్న పొలాల మధ్య చిన్న ఆసుపత్రిలో మీకు ఒక తెలుగు డాక్టరు కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. నేనూ అలాంటి ఊళ్లోనే మూడేళ్లున్నాను. కరివేపాకు కోసం రెండు గంటలు కారు నడిపాను.

తెలుగు డాక్టరు ఉంటే తెలుగు రోగులకు ఏమిటి లాభం? ఉంది. అనువాదకులు ఫోనులో దొరుకుతారు, మంచివాళ్లే. కానీ "వేడి చేసిందండీ" అంటే వాళ్లేం చేస్తారు? జ్వరం అని చెబుతారు. నర్సు జ్వరం అని రాస్తుంది. థర్మామీటరు 98.4 చూపిస్తుంది. ఆ రాత్రంతా జ్వరం కోసం వెతుకులాటే. "గ్యాస్ పట్టేసింది" అని గుండె మీద చెయ్యి పెట్టుకునే మనిషి ఏం చెబుతున్నాడో మీకూ నాకూ తెలుసు. ఈసీజీ తీయకుండా ఆ మాట నమ్మకూడదనీ తెలుసు.

చేర్చుకున్న రోజే మేము ప్రతి రోగినీ ఒక ప్రశ్న అడగాలి: మీ గుండె ఆగిపోతే ఛాతీ నొక్కి, గొట్టం వేసి బతికించే ప్రయత్నం చేయమంటారా, వద్దా? ఇంగ్లిషులో రోజుకు నాలుగుసార్లు అడుగుతాను, నాలుక తడబడదు. మొదటిసారి తెలుగులో అడిగినప్పుడు రోగి భార్య నా చెయ్యి పట్టుకుని "శుభమా అని మాట్లాడు తల్లీ, పైన తథాస్తు దేవతలుంటారు" అంది. ఆ ప్రశ్నను తెలుగులో ఎలా అడగాలో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఇప్పుడు ఇలా అడుగుతున్నాను: "మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఆసుపత్రిలో పోయారా? అక్కడ జరిగింది మీకు నచ్చిందా?" ఆ తరువాత వాళ్లే చెబుతారు. మీకు ఇంతకన్నా మంచి దారి దొరికితే నాకు రాయండి.

ఆ తథాస్తు దేవతల ఆవిడ భర్త సంగతి చెప్పి ముగిస్తాను. వివరాలు కొంచెం మార్చాను. ఎనభైకి దగ్గరగా ఉన్న మాస్టారు, కొడుకు దగ్గరికి ఆరు నెలల కోసం వచ్చారు. కాళ్ల వాపు, పడుకుంటే ఆయాసం. గుండె బలహీనపడింది. సందర్శకుల బీమాలు పాత జబ్బులంటే చాలావరకు ముఖం తిప్పేసుకుంటాయి, కాబట్టి కొడుకు ఒక చేత్తో తండ్రిని, ఇంకో చేత్తో బిల్లును పట్టుకుని ఉన్నాడు. వరండాలోకి పిలిచి, "నాన్నకు గుండె సంగతి చెప్పకండి మేడమ్, తట్టుకోలేరు" అన్నాడు. అక్కడి పద్ధతిలో రోగి వద్దంటే తప్ప దాచకూడదు. లోపలికి వెళ్లి మాస్టారినే అడిగాను, "మీ ఒంటి సంగతులు మీకు చెప్పమంటారా, మీ అబ్బాయికి చెబితే చాలా?" అని. ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "నాకు చెప్పు. వాడికి చెప్పకు, కంగారుపడతాడు" అన్నారు.

ఉప్పు తగ్గించాలని ఆహార నిపుణురాలు ఒక కాగితం ఇచ్చింది. డబ్బాల్లో వచ్చే సూపులు వద్దు, నిల్వ మాంసం వద్దు. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "ఇందులో నేను తినేది ఒక్కటీ లేదు" అని సంతోషించారు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు అని కింద నా చేత్తో రాశాను. అప్పుడు సంతోషం పోయింది.

సోమవారం నా ఆఖరి రోజు. ఇంకా రెండు రోజులు ఉండాలి ఆయన. "రేపు నువ్వే వస్తావా?" అన్నారు. రానండీ, వేరే డాక్టరు వస్తారు, అన్నీ చెప్పి వెళతాను అన్నాను. "అయితే నన్ను అప్పగింతలు పెట్టేస్తున్నావన్నమాట" అన్నారు. ఆ మాట నాకు ఇచ్చింది ఆయనే. "వాళ్లకు చెప్పు, నాకు రాత్రిపూట ఆయాసం వస్తే బెల్లు కొట్టను, ఎవరినీ లేపడం ఇష్టం ఉండదు. వాళ్లే వచ్చి చూడాలి" అన్నారు. ఏడు రోజులు చూశాను, నాకు ఆ సంగతి తెలియదు. నర్సుకు చెప్పి, జాబితాలో ఆయన పేరు పక్కన మొదటి వరుసలో అదే రాశాను. పొటాషియం రెండో వరుసలోకి వెళ్లింది.

తరువాతి వారం వెళ్లేసరికి ఆ గదిలో వేరే పేరుంది. కంప్యూటర్లో చూశాను. గురువారం ఉదయం కొడుకు కారులో వెళ్లారు. ఇంటికి వెళ్లాక చేయించాల్సిన పొటాషియం పరీక్ష చేయించారు, 4.2 వచ్చింది. ఆవకాయ సంగతి ఎవరూ రాయలేదు. అంతకుమించి నాకు తెలియదు.

ప్రశ్నలుంటే అడగండి. వెనక వరుసలో ఉన్న అమ్మాయిని మాత్రం లేపకండి, ఆమెకు మళ్లీ రాత్రి డ్యూటీ ఉన్నట్టుంది.